చేయని ఆపరేషన్‌కు పథ్యం

మా ఊళ్లో నాకు జరిగిన ఆపరేషన్ ఒకటి, హైదరాబాదులో జరిగినది ఇంకొకటి. హైదరాబాదు దవాఖానలో నా ఎడమ రొమ్ము తీసేశారు. మా ఊళ్లో నా గర్భసంచి తీసేశారు. ఈ రెండో ఆపరేషన్ చేసింది మా అత్తమ్మ. కత్తి లేదు, మత్తు లేదు. మా ఇంటి అరుగు మీద కూర్చుని, నన్ను చూడడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ల ముందు ఒక్క మాటతో కానిచ్చేసింది.

"ఏం లేదమ్మా, గర్భసంచి తీసిన్రు. లోపల గడ్డ లేచిందంట," అన్నది.

ఆ నలుగురిలో ఇద్దరికి అప్పటికే తీసేశారు. మూడో ఆమె పత్తి ఏరడం అయిపోతే తీయించుకుందామని చూస్తోంది. ఒక్కరూ ఇంకో ప్రశ్న అడగలేదు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన ఆ రోజుల్లో, అమరచింత చుట్టుపక్కల మా ఊళ్లలో, ముప్పయ్యేళ్లు దాటిన ఆడది గర్భసంచి తీయించుకోవడం పన్ను పీకించుకున్నంత మామూలు. అబద్ధం చెప్పాలంటే అందరి ఇళ్లలో ఉన్నదే చెప్పాలని మా అత్తమ్మకు ఎవరు నేర్పారో నాకు తెలియదు.

నిజం చెబితే ఏమవుతుందో మాత్రం మా ఇద్దరికీ తెలుసు. మా వెనక వీధిలో ఒక ముసలామెకు ఈ జబ్బే వచ్చింది. ఆమె కంచం, చెంబు పశువుల కొట్టం గోడ మీద పెట్టేవాళ్లు. పోయాక ఆమె పడుకున్న మంచం కూడా కాల్చేశారు. క్యాన్సర్ అంటుకుంటుందని ఊరు ఊరంతా నమ్మేది. నేనేమో అంగన్‌వాడీ టీచర్ని. రోజూ ముప్పై మంది పిల్లలు నా చేతి ముద్ద తినేవాళ్లు. నా జబ్బు పేరు తెలిస్తే మరునాడు ఒక్క తల్లి కూడా పిల్లను పంపదు. పిల్లలు లేని కేంద్రానికి టీచరెందుకు? పెళ్లయిన పన్నెండేళ్లకు పదో తరగతి సర్టిఫికెట్టు దుమ్ము దులిపి నేనంటూ సంపాదించుకున్నది ఆ ఒక్క ఉద్యోగమే. దాంతో ఊళ్లో నేను ఫలానా వాళ్ల కోడల్ని కాకుండా టీచరమ్మనయ్యాను. ఆ పిలుపు పోతుందంటే నాకు రొమ్ము పోయినప్పటికంటే ఎక్కువ భయం వేసింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, అది నిజం.

అందుకని అత్తమ్మ మాటకు నేనూ తలూపాను. మందులకు జుట్టు రాలిపోతే తిరుపతిలో మొక్కు చెల్లించానన్నాం. నెలల తరబడి హైదరాబాదులో ఉంటే కుట్లు మానలేదని అక్క ఇంట్లో ఉంచుకుందన్నాం. జాకెట్టు ఎడమ వైపు పాత నూలు చీర ముక్క మడిచి పెట్టుకున్నాను. అన్నీ కుదిరాయి. ఒక్కటి మాత్రం ఇద్దరికీ తట్టలేదు. ప్రతి ఆపరేషన్‌కూ ఒక పథ్యం ఉంటుంది. నేను చేయించుకోని ఆపరేషన్‌కు కూడా ఉంది. ఊరికి వచ్చిన రోజు నుంచి నేను పాటించాల్సి వచ్చింది దాన్నే.

గర్భసంచి తీసిన ఆడది బిందె ఎత్తకూడదు. వంగకూడదు, కింద కూర్చోకూడదు, మిద్దె మెట్లు ఎక్కకూడదు, నాలుగడుగులు ఎక్కువ వేయకూడదు. లోపల ఖాళీ అయిన చోట గాలి చేరుతుంది కాబట్టి కడుపుకు బెల్టు కట్టుకోవాలి. బలానికి నెయ్యి, గుడ్లు, బొక్కల శోర్వా. అన్నమే తినాలి, జొన్న రొట్టె అరగదు. ఇదంతా ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. ఒక ఆడది ఇంకో ఆడదానికి చెప్పగా చెప్పగా చట్టమైంది. పక్కింటామె వచ్చీ రాగానే, "బెల్టు ఏది? కట్టుకుంటలేవా?" అని అడిగింది. మా ఆయన మరునాడే వనపర్తి పోయి మందుల దుకాణంలో బెల్టు కొనుక్కొచ్చాడు. అలా ఎవరికీ తెలియని గాయం పైన దాచుకుని, లేని గాయానికి కింద బెల్టు కట్టుకుని మంచం మీద కూర్చున్నాను. చంక కింద కుట్లు గుంజుతుంటే కడుపు పట్టుకుని "అమ్మా" అనేదాన్ని.

నీళ్లు తోడుకుందామని బావి దాకా వెళితే గోడ మీద నుంచి కేక వినిపించేది. "టీచరమ్మా, చేద ముట్టకు. పేగులు జారుతయ్." చీపురు పట్టుకుంటే ఎవరో ఒకరు వచ్చి లాక్కునేవాళ్లు. చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ కొంగు కింద ఏదో ఒకటి తెచ్చేవాళ్లు. నువ్వుల ముద్దలు, పల్లీ పట్టీలు, పాలకోవా. వాళ్ల ప్రేమలో కల్తీ లేదు. నేను తినేదాకా ఎదురుగా కూర్చునేవాళ్లు. లావయ్యానని సంతోషపడేవాళ్లు. "పచ్చగున్నది ఇప్పుడు మనిషి," అనేవాళ్లు. ఆ ప్రేమకు నాకు కోపం వచ్చేది, కోపం వచ్చినందుకు ఏడుపొచ్చేది.

మూడు నెలలకోసారి పరీక్షకు హైదరాబాదు పోవాలి. అక్కడ శుక్రవారం నాడు మాలాంటి వాళ్లకు ఒక క్లాసు పెట్టేవాళ్లు. చికిత్స అయిపోయిన ఆడవాళ్లను ఒక హాల్లో కూర్చోబెట్టి తిండి గురించి, నడక గురించి ఒక డైటీషియన్ అమ్మాయి చెప్పేది. నా కూతురి వయసు ఉండొచ్చు, నాకు కూతురుంటే. మొదట అందరి బరువు చూసింది.

"చికిత్స మొదలైనప్పుడు యాభై ఎనిమిది కిలోలు ఉన్నారు. ఇప్పుడు డెబ్బై ఒకటి. ఏం చేస్తున్నారమ్మా ఇంట్లో?" అని అడిగింది.

"ఏమీ చేయనిస్తలేరు," అన్నాను. హాలంతా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఈ చికిత్స తర్వాత చాలామందికి బరువు పెరుగుతుందట. ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన మాత్ర, ముందే ఆగిపోయిన ముట్టు, ఒంట్లో నీరసం, కదలకుండా కూర్చోవడం, అన్నీ కలిసి పెంచుతాయట. పెరిగిన కొవ్వు మాలాంటివాళ్లకు మంచిది కాదు, జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువవుతుంది అంది. "తగ్గితే ఇక రాదని నేను హామీ ఇవ్వలేను. కానీ ఇక మన చేతుల్లో ఉన్న పని అదొక్కటే," అంది. ఏడాదిగా నా ఒంటి మీద అందరి చేతులూ పడ్డాయి. నా చేతిలో ఉన్న పని ఒకటుందని మొదటిసారి విన్నాను.

అందరికీ తలా ఒక నోట్‌బుక్ ఇచ్చారు. రోజూ ముప్పావు గంట నడవాలి. నడుస్తుంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. ఆపరేషన్ అయిన చెయ్యి బిగుసుకుపోకుండా గోడ ముందు నిలబడి వేళ్లతో పైకి పాకించాలి. కంచంలో సగం కూరలు ఉండాలి. టీలో చక్కెర వద్దు. వారానికోసారి బరువు చూసుకుని పుస్తకంలో రాయాలి. తినాల్సిన వాటి కాగితంలో ఓట్స్ అని ఉంటే, అవి అమరచింతలో దొరకవు, జొన్న రొట్టె తినొచ్చా అని అడిగాను. "అంతకంటే మంచిదేముందమ్మా," అంది. మానవపాడు దగ్గర మా పుట్టింట్లో రెండు పూటలా అదే తిండి. అన్నం కోసం ఏడ్చి దెబ్బలు తిన్నదాన్ని నేను.

ఊరికొచ్చిన మరునాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాను. ఆత్మకూరు రోడ్డు పట్టుకుని ఉత్త చేతులతో గబగబా పోతున్నాను. సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దమనిషి ఆగిపోయాడు.

"టీచరమ్మా, ఎటు పోతున్నవ్? ఇంట్ల ఏమన్న అయిందా?"

"ఏం కాలేదు. ఉత్తగనే నడుస్తున్న."

"ఉత్తగనే ఎవరన్న నడుస్తరా," అని ఆయన నా వెనకాలే సైకిల్ నెట్టుకుంటూ ఇంటిదాకా వచ్చాడు. ఒక ఆడది ఖాళీ చేతులతో ఊరి బయటికి వేగంగా పోతోందంటే అలిగైనా పోవాలి, బావిలో దూకడానికైనా పోవాలి. మూడోది మా ఊరికి తెలియదు. నేను చేరేసరికే అత్తమ్మ అరుగు మీద ముగ్గురు చేరారు. ఆపరేషన్ అయిన కోడల్ని అత్త బయటికి తరిమిందని ఊరంతా పాకింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను రొట్టె తింటుంటే పక్కింటామె చూసింది. "ఆపరేషన్ మనిషికి రొట్టె పెడుతున్నరా? బియ్యం లేకపోతే అడగొద్దా?" అంది. అత్తమ్మ ముఖం మాడిపోయింది. ఆమె వెళ్లిన వెంటనే నా కంచంలో అన్నం కుప్ప పోసి, పైన నెయ్యి పోసింది.

"హైదరాబాద్ ముచ్చట హైదరాబాద్‌ల పెట్టుకో," అంది. "ఇక్కడ నీకు తీసింది గర్భసంచి. తెల్సిందా?"

తెలిసింది. కక్కలేక మింగలేక ఆ అన్నం తిన్నాను. లావైతే డాక్టరుకు భయం, సన్నబడితే ఊరికి అనుమానం, నడిస్తే అత్తమ్మకు అప్రతిష్ఠ. మా ఆయన పల్లీల బస్తాలు పెట్టే గదిలో తలుపు వేసుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేదాన్ని. పద్నాలుగు అడుగులు. తిరగడం, మళ్లీ పద్నాలుగు అడుగులు. గానుగెద్దు తిరిగితే కనీసం నూనెన్నా వస్తుంది. తలుపు అవతల ఎవరి మాట వినిపించినా ఆగిపోయి ఊపిరి బిగబట్టేదాన్ని. నా ఇంట్లో నేనే దొంగనయ్యాను. ఆ గదిలో ఒక్కోసారి గోడకు తల ఆనించి గట్టిగా అరవాలనిపించేది. నాకు తీసింది గర్భసంచి కాదు అని ఊరందరికీ వినిపించేలా అరవాలనిపించేది. అరవలేదు.

బరువు చూసుకోవడం ఇంకో తంటా. అంగన్‌వాడీ కేంద్రంలో కాంటా ఉంది కానీ అది చంటిపిల్లలను వేలాడదీసేది, పాతిక కిలోలు దాటదు. ఆర్ఎంపీ డాక్టరు దగ్గర ఉంది. అక్కడికి పోతే ఎందుకు, ఏమిటి అని ఊరంతా వస్తుంది. చివరికి మా ఇంట్లోదే గతయింది. మా ఆయన పంట చేతికొచ్చే కాలంలో పల్లీలు కొని గద్వాల మార్కెట్‌కు తోలేవాడు. బస్తాలు తూచే బల్ల కాంటా పల్లీల గదిలోనే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసి ఆయన నన్ను బస్తాలాగా నిలబెట్టి రాళ్లు మార్చేవాడు.

"డెబ్బై రెండు," అన్నాడు ఒక ఆదివారం. "పోయిన వారం కన్న కిలో ఎక్కువున్నది. తేమ ఉన్నదేమో. తరుగు తియ్యాల్నా?"

ఆయన వేళాకోళానికి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. కాంటా మీద నుంచి దిగలేదు. "మళ్లీ వస్తదేమోనని భయమైతుంది," అన్నాను. "నడవమన్నరు. నన్ను నడవనిస్తలేరు."

ఆయన చేతిలోని రాయి కింద పెట్టాడు. "ఉత్త చేతులతోని పోతేనే అడుగుతరు," అన్నాడు. "చేతిల ఏదన్న పట్టుకో."

ఆయన అంత మంచి మాట ముందూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను. చంకలో సర్వే రిజిస్టరు పెట్టుకున్నాను. అది పెట్టుకుంటే చాలు, ఊరు పక్కకు జరిగి దారి ఇచ్చింది. గర్భిణుల సర్వే, పోలియో చుక్కల సర్వే, బడి మానేసిన పిల్లల సర్వే. సర్కారు పని కదా, కుట్లు ఉన్నా చేయక తప్పదని జాలిపడ్డారు. పొద్దున ఒక చుట్టు, సాయంత్రం తండా దాకా ఒక చుట్టు. వారానికి నాలుగుసార్లు అవే ఇళ్లకు పోతే ఒక తాత విసుక్కున్నాడు. "మా ఇంట్ల నిన్నటి సంది ఎవ్వరు పుట్టలేదు, ఎవ్వరు సావలేదు. ఏం రాసుకుంటవ్?" అన్నాడు. అదే రాసుకుంటానని చెప్పి ముందుకు సాగాను.

చేతికి గోడ అక్కర్లేకపోయింది. పిల్లలతో కొంగల ఆట మొదలుపెట్టాను. అందరం రెండు చేతులూ పైకెత్తి రెక్కలు ఆడిస్తూ గదంతా తిరగాలి. నా కుడి రెక్క ఆకాశం అందుకునేది, ఎడమది భుజం దగ్గరే ఆగేది. "టీచరమ్మ కొంగకు రెక్క ఇరిగింది," అని పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. దసరా సెలవులు వచ్చేనాటికి ఆ రెక్క చెవి దాటింది.

తిండికి మరో అబద్ధం ఆడాను. షుగర్ వచ్చేలా ఉందని, రొట్టె తినమన్నారని చెప్పాను. షుగర్ అందరికీ తెలిసిన జబ్బే కాబట్టి అత్తమ్మకూ తప్పనిపించలేదు, పక్కింటామెకూ తప్పనిపించలేదు. ఒక జబ్బును దాచడానికి రెండు జబ్బులు తెచ్చుకున్నాను. కేంద్రంలో ఆయమ్మ నాకు పొద్దున్నే రెండు జొన్న రొట్టెలు కాల్చి, పుంటికూర పప్పు పెట్టేది.

ఆయమ్మంటే పెద్దదనుకునేరు. కేంద్రంలో వంట చేసి, గిన్నెలు తోమి, పిల్లలను ఇళ్ల నుంచి తీసుకొచ్చే ఆమెను అందరూ ఆయమ్మ అనే పిలుస్తారు. ఆమెకు అప్పటికి ముప్పై ఒకటో రెండో. కౌలుకు తీసుకున్న చేలో పొద్దున ఒక పూట పత్తి పని చేసి కేంద్రానికి వచ్చేది. నేను లేనన్నాళ్లూ కేంద్రాన్ని ఆమే నడిపింది. మాటిమాటికీ నడుం పట్టుకునేది. ఆ నడుం నొప్పిని నేను రోజూ చూశాను, ఒక్కసారీ పట్టించుకోలేదు. అప్పుడు నాకు నా ఒళ్లు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

ఏడాది తిరిగేసరికి అరవై నాలుగు కిలోలకు దిగాను. డైటీషియన్ అమ్మాయి నా నోట్‌బుక్ హాల్లో అందరికీ చూపించింది. ఊరు కూడా చూసింది. రిజిస్టరు పట్టుకుని నేను పోతుంటే అరుగుల మీద ఆడవాళ్లు నన్ను ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. "తీయించుకున్నంక ఎట్ల ఉరుకుతుంది సూడు. పీడ పోయింది." ఆ మాటలు నాకు తీయగానే ఉండేవి. నడక పెంచేదాన్ని.

ఒక మధ్యాహ్నం పిల్లలను పడుకోబెట్టాక ఆయమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"టీచరమ్మా, ఆపరేషన్ అయినంక మీకు ఎన్ని దినాలకు పాణం తేలికైంది?" అని అడిగింది.

"ఎందుకు?" అన్నాను.

"నాకు తెల్లబట్ట ఆగుతలేదు. నడుం గుంజుతది. ఆర్ఎంపీ నర్సింగ్ హోంకు తోల్కపోయిండు. స్కానింగ్ తీసి, పుండు ఉన్నది, తీయకపోతే క్యాన్సర్ అయితది అన్నరు."

"తొందర పడకు," అన్నాను. "మందులతోని తగ్గుతదేమో. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానల ఇంకో డాక్టరుకు చూపించు."

"మీరు చూపిచ్చుకున్నరా ఇంకో డాక్టరుకు?"

నేను ఒక పిల్ల మీద జారిన దుప్పటి సరిచేశాను.

"నాకు మొదట మస్తు భయముండె," అంది ఆయమ్మ. "మిమ్మల్ని చూసినంకనే ధైర్యమొచ్చింది. ఎట్లున్నోళ్లు ఎట్లైన్రు. ఒళ్లు తగ్గింది, మొకం తేటయింది. తండా దాకా పోయి వస్తరు. ఇంత మంచిగైతే నాకెందుకు వద్దంటరు?"

నాకు తీయలేదు. ఆ రెండు మాటలు చాలు. నా ఒళ్లు తగ్గింది ఏ ఆపరేషన్ వల్లా కాదు, నువ్వు కాల్చిన రొట్టెల వల్ల, ఈ రిజిస్టరు వల్ల అని చెబితే చాలు. వరుసగా పడుకున్న పిల్లలను చూశాను. రేపటి నుంచి ఆ చాపలు ఖాళీగా ఉంటాయనుకున్నాను. "నీ ఇష్టం," అన్నాను.

చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ తిట్టేది. ఆ వారం నా నోట్లో బండరాయి నానింది. ఉండబట్టలేక అత్తమ్మకు చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు.

"వద్దన్నవ్ గద. ఇంకేం చేస్తవ్?" అంది. "నోరు ఇప్పితే నీ నోట్ల నువ్వే మన్ను కొట్టుకున్నట్టు. రేపటి సంది నీ చేతి అన్నం ఏ పిల్లగాడు తింటడు?"

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆమె అన్నది నేను అప్పటికే అనుకున్నదే. అయినా ఆదివారం రోజంతా ఆలోచించి, సోమవారం పొద్దున్నే ఆయమ్మకు చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. సోమవారం కేంద్రం తాళంచెవి ఆమె మొగుడు తెచ్చాడు.

"నిన్న చేర్పిచ్చినం టీచరమ్మా. ఇయాల పగటికి ఆపరేషన్," అన్నాడు. "మీ దగ్గర బెల్టు ఉన్నదంట. కొత్తదెందుకు, టీచరమ్మను అడుగు అన్నది."

ఇంటికి పోయి పెట్టెలోంచి తీశాను. కొన్ననాటి లాగానే ఉంది. ఆయమ్మ మొగుడి చేతికిచ్చాను. నర్సింగ్ హోం ఉన్న టౌనుకు బస్సులో గంటన్నర. తొమ్మిదిన్నర బస్సు కేంద్రం ముందు నుంచే పోతుంది. అది ఆగింది, ఇద్దరు ఎక్కారు, పోయింది. నేను పిల్లల హాజరు వేసుకున్నాను.

పదో రోజు చూడడానికి వెళ్లాను. మంచం చుట్టూ ఆడవాళ్లు ఉన్నారు. నన్ను చూడగానే లేచి తలాపున చోటిచ్చారు. "టీచరమ్మ చెప్తది విను. ఆమెకు తెల్సు," అన్నారు. ఆయమ్మ నా వైపు తల తిప్పింది. "బిందె ఎత్తకు. వంగకు. పాణం గట్టివడేదాక కాలు బయటవెట్టకు," అన్నాను. ఆ మాటలన్నీ నా నోట్లోంచే వచ్చాయి. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

మూడు నెలలకు ఆమె పనిలోకి వచ్చింది. ముఖం ఉబ్బింది, ఒళ్లు బరువెక్కింది. నడుం నొప్పి ఎక్కడికీ పోలేదు. ఉన్నట్టుండి ఒళ్లంతా మంటలు లేస్తున్నాయని, చెమటలు పడుతున్నాయని చెప్పింది. అవేమిటో నాకు తెలుసు. ముట్టు అర్ధాంతరంగా ఆగిపోయినప్పటి మంటలు. నేనూ ఏడాదిన్నరగా వాటితోనే ఉన్నాను.

"నాకు తేలికైతలేదు టీచరమ్మా," అంది. "మీరేం తిన్నరో, ఏం చేసిన్రో నాకు గూడ చెప్పున్రి."

ఆ సాయంత్రం ఆమె చేతికి ఒక రిజిస్టరు ఇచ్చి నాతో తండాకు తీసుకెళ్లాను. మెల్లగా నడిచాం. కంచంలో సగం కూరలు ఉండాలని, చక్కెర మానేయాలని, రోజూ ఈ దారిన రావాలని చెప్పాను. ఆమె బుద్ధిగా వింటూ నడుస్తోంది. సగం దారిలో కంది చేల దగ్గర ఇక నా వల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను. హైదరాబాదు, ఎడమ రొమ్ము, మందులు, జుట్టు, అత్తమ్మ మాట, అన్నీ.

ఆయమ్మ ఆగిపోయింది. "అయితే మీ గర్భసంచి?" అంది.

"ఉన్నది," అన్నాను.

ఆమె మళ్లీ నడవడం మొదలుపెట్టింది. నేను పక్కనే నడుస్తూ మాట్లాడుతూనే ఉన్నాను. ఊరికి తెలిస్తే తల్లులు పిల్లలను పంపరని, కేంద్రం మూతపడుతుందని, నీ ఉద్యోగం కూడా పోయేదని. నాకే అసహ్యం పుట్టేదాకా చెప్పాను. తండా ఇళ్లు కనిపించేదాకా ఆమె దారి చూసుకుంటూ నడిచింది.

"ఊరు మిమ్మల్ని అడగలేదు గద టీచరమ్మా," అంది అప్పుడు. గొంతులో కోపం కూడా లేదు. "అడిగింది నేనొక్కదాన్ని. నా ఒక్కదానికి చెప్తే అయిపోతుండె."

ఇది జరిగి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.